దొండాకు మసి

పెరట్లో దొండపాదు కత్తిరిస్తుంటే చేతులకు పసరంటింది. వాసన చూసుకోగానే రాజోలు దగ్గర మా హైస్కూలు, అందులో మాకు తెలుగు చెప్పిన గ్రేసమ్మ టీచరు గారు కళ్ళముందుకొచ్చారు. డెబ్బైల చివర్లో ప్రతి శనివారం మా చేత దొండాకు, బొగ్గు కలిపి నూరించి, వెలిసిన నల్లబల్లకు ఆ మసి పట్టించేవారు. కొంగు దోపి ఆవిడ కూడా మాతో పాటు రుద్దేవారు. కూలి చేసుకునే ఇంట పుట్టి, మా చుట్టుపక్కల అంత చక్కటి తెలుగు మాట్లాడే మనిషి మరొకరు లేరనిపించుకున్నారు.

నేను నల్లటి పిల్లని. ఆవిడదీ నా రంగే. మా నాయనమ్మ నన్ను చూసి "మొహం నలుపైతే ఏం, మనసు తెలుపు" అని మురిసిపోయేది. అది మెచ్చుకోలనే అనుకునేదాన్ని. ఎనిమిదో తరగతిలో వ్యాసం రాస్తూ, "దొంగ మనసు కాటుకలా నల్లనిది" అని గొప్పగా రాశాను. టీచరు గారు దాన్ని కొట్టెయ్యలేదు. పుస్తకం పట్టుకొచ్చి నా పక్కన బెంచీ మీద కూర్చున్నారు.

"కాటుక ఏం దొంగతనం చేసిందమ్మా?"

"అందరూ అలాగే అంటారండి."

"ఆయ్, అంటారు. నేనూ చిన్నప్పట్నించీ విన్నాను. రాసేముందు నీ చెయ్యి ఓసారి చూసుకున్నావా?"

చూసుకున్నాను. నన్ను నేనే తిట్టుకుని, దానికి మార్కులు కూడా ఆశించానన్నమాట.

ఆ ఏడాది వార్షికోత్సవంలో స్వాగతపత్రం చదవడానికి ఆవిడ నన్నే ఎంచారు. నెల్లాళ్ళు నిద్రలో కూడా వల్లించాను. తీరా ముందురోజు, మేం బల్లకు మసి పూస్తుండగా హెడ్మాస్టరు గారొచ్చారు.

"పిల్ల బాగానే చదువుతుందనుకోండి. పెద్దలొస్తున్నారు కదా, కాస్త తెల్లగా ఉన్న పిల్లయితే స్టేజీకి నిండుగా ఉంటుందని..."

నా చేతిలో గుడ్డ ఆగిపోయింది. టీచరు గారు గొంతు పెంచలేదు. మసి చేతులతోనే ఆయన వైపు తిరిగి, ఎంతో మర్యాదగా అడిగారు.

"అలాగేనండి మాస్టారూ. మరి ఈ బోర్డుకి కూడా సున్నం వేయించెయ్యమంటారా?"

ఆయన మొహం తెల్లబోయింది. అంతవరకూ నా దృష్టిలో తెలుపంటే మంచే. ఆయన కాసేపు బల్లకేసి చూసి, "ఆ పిల్లనే చదవనివ్వండి" అని వెళ్ళిపోయారు. పైవాళ్ళ ముందు అందరూ చేతులు కట్టుకునే రోజుల్లో, అంత మాట అంత నెమ్మదిగా అన్న మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

మర్నాడు మైకు ముందు నిలబడ్డాను. గోళ్ళలో మసి ఇంకా వదల్లేదు. చేతులు దాచుకోవాలని మాత్రం అనిపించలేదు.

మొన్న మాకు మనవరాలు పుట్టింది. చూడవచ్చిన పక్కింటావిడ బిడ్డను ఎత్తుకుని, "నలుపైతే ఏంలెండి, కళగా ఉంది" అంది.

"నలుపేనండి" అన్నాను. "మా టీచరు గారి రంగు."