చెవి మేస్త్రీ వినని చప్పుడు

నీళ్ళ మోటార్లు బాగుచేసేవాళ్ళు వీధికొకరు ఉంటారు గానీ, చెవి మేస్త్రీ ఒక్కడే. స్క్రూడ్రైవర్ మొన మోటారుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని వింటే లోపలి జబ్బంతా బయటపడాల్సిందే. ఆయన మలుపు తిరిగితే చాలు, చెడిపోయిన మోటార్లు పరువు పోతుందని వాటంతటవే తిరిగేవి. నమ్మకపోతే మీ ఇష్టం.

అంతటి మేస్త్రీ కొన్నాళ్ళుగా ఒక్క చప్పుడు వినకుండా తప్పించుకుంటున్నాడు. తనను పెంచిన అక్క ఊపిరి చప్పుడు.

ఆమె ఊపిరితిత్తులు ఇక కోలుకోవని డాక్టరు చెప్పేశాడు. ఆయాసం ముదిరితే దారులు రెండే. ఆసుపత్రిలో గొంతులోకి గొట్టం వేయించడం, లేదా ఇంట్లోనే ఉంచి, బాధ తెలియకుండా ఇంటికొచ్చి చూసే నర్సమ్మ చేత మందు ఇప్పించడం. పోయినసారి గొట్టం పీకేస్తుందని చేతులు మంచానికి కట్టేశారు. అక్క అది మరిచిపోలేదు.

"ఒరేయ్, మళ్ళీ గొట్టం వద్దు. మాటివ్వు."

"ముందు నీ మిషను చూడనీవే అక్కా. దాని గొంతే బాలేదు."

అక్కను సిలిండరు మీదికి మార్పించి, ఆక్సిజన్ మిషను మూత విప్పాడు. దుమ్ము దులిపాడు. వదులైన మరలు బిగించాడు. మళ్ళీ అక్కకు తగిలించి, మిషనుకి స్క్రూడ్రైవర్ ఆనించి విన్నాడు.

"చూశావా! కొత్త కోడలి గొంతులా ఎంత మెత్తగా ఉందో!"

"మిషను బతుకుతుందిలేరా," అంది అక్క, ఊపిరి వెతుక్కుంటూ. "నా సంగతి చెప్పు."

మిషను రొద తగ్గాక గదిలో మరో చప్పుడు పైకి తేలింది. గరగర. ఇన్నాళ్ళూ అది మిషనుదే అనుకున్నాడు. అది అక్క ఛాతీలోంచి వస్తోంది. మధ్యాహ్నానికి ఆమె పెదాలు నీలమయ్యాయి, మెడ నరాలు తాళ్ళలా లేచాయి.

నర్సమ్మ ఫోను పట్టుకుని నిలబడింది. "అంబులెన్సు పిలవనా అన్నయ్యా, మందివ్వనా? ఏదో ఒకటి చెప్పండి."

మేస్త్రీ స్క్రూడ్రైవర్ కింద పెట్టి, వట్టి చెవి అక్క ఛాతీకి ఆనించాడు. అరిగిపోయిన మోటార్ల దగ్గర ఆయన ఎప్పుడూ ఒకే మాట అనేవాడు: "ఇక దీన్ని కష్టపెట్టకండి." ఎన్ని ఇళ్ళలో ఎంత సులువుగా అన్నాడో!

అక్క చేయి తడుముకుంటూ వచ్చి ఆయన రెండో చెవి పట్టుకుంది, చిన్నప్పుడు అబద్ధమాడితే మెలేసినట్టే. పట్టులో బలం లేదు.

"ఇప్పుడు... వినబడిందా?"

"మందివ్వమ్మా," అన్నాడు నర్సమ్మతో. "అంబులెన్సు వద్దు."

కాసేపటికి మెడ నరాలు సర్దుకున్నాయి. అక్క కళ్ళు మూసింది. మిషను మెత్తగా తిరుగుతూనే ఉంది. మేస్త్రీ చెవి తీయలేదు. ఊపిరికీ ఊపిరికీ మధ్య ఎడం పెరుగుతోంది. ఆయన చెవి మీద అక్క చేయి ఇంకా అలాగే ఉంది.