గోల్కొండకి అడ్డంగా మా పిన్ని

ఆ రోజుల్లో, అంటే ఎనభైల మొదట్లో, అమెరికా వచ్చిన మాలాంటి కుర్రాళ్లందరికీ ఒక జబ్బు ఉండేది. ఇంట్లో ఉన్నన్నాళ్లూ పక్క జిల్లా ఎటువైపుందో పట్టించుకోనివాళ్లం, విమానం దిగి కోటు తొడుక్కోగానే ఆంధ్రప్రదేశ్‌కి రాయబారులమైపోయేవాళ్లం. నా సంగతే చూడండి. నాకు తెలిసిన ఆంధ్రదేశమంతా కలిపితే మా తెనాలి, కాకినాడ ఇంజనీరింగ్ కాలేజీ, మధ్యలో రైలు కిటికీ (అదీ నిద్రపోకుండా ఉన్నప్పుడు). అయినా సన్నీవేల్‌లో ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎవరైనా అడిగితే చాలు, కోటలూ గుహలూ గోదావరీ అన్నీ మా పెరట్లోనే ఉన్నట్టు చెప్పేవాణ్ణి.

మా మేనేజరు సరదా మనిషి. అప్పుడప్పుడూ శుక్రవారం సాయంత్రం ఆఫీసు లంచ్‌రూమ్‌లో గోడకి తెల్ల దుప్పటి కట్టించి, ఎవరో ఒకరి చేత వాళ్ల దేశం స్లైడ్లు వేయించేవాడు. స్విట్జర్లాండ్ నుంచి వచ్చినతను మంచుకొండలు చూపించి అందరి చేతా ఆహా అనిపించుకున్నాక, పక్క సీటతను నాతో, "మీ వైపు చూడ్డానికి ఏమైనా ఉందా, ఎండేనా?" అన్నాడు. పాపం మామూలుగానే అడిగాడు. నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. "వచ్చే శుక్రవారం చూద్దువుగాని, ఆ మంచుకొండలు మర్చిపోతావు" అనేశాను. అన్నాక గుర్తొచ్చింది, నా దగ్గరున్నవి పాస్‌పోర్టు ఫోటోలూ, హాస్టల్ మెస్ ముందు బనీన్లతో దిగిన ఫోటోలూ తప్ప ఇంకేమీ లేవని. రాష్ట్రం పరువు నా చేతుల్లో పడింది.

దగ్గర్లోనే ఫ్రీమాంట్‌లో మా అమ్మకి వరసకి చెల్లెలైన పిన్నీ, ఆవిడ భర్త డాక్టర్ బాబాయీ ఉండేవారు. అంతకుముందు ఏడాదే ఇండియా వెళ్లి రాష్ట్రమంతా తిరిగొచ్చారు, ఖరీదైన కెమెరాతో. ఫోన్ చేస్తే బాబాయి, "స్లైడ్లా? పెట్టె నిండా ఉన్నాయిరా. గోల్కొండ, బొర్రా గుహలు, పాపికొండలు, లేపాక్షి, అన్నీ కవర్ చేసేశా. ప్రొజెక్టర్ కూడా నేనే తెస్తాలే. పిన్ని పులిహోర చేస్తుంది" అన్నాడు. స్లైడ్లు ముందోసారి చూసుకుందామన్న బుద్ధి నాకు పుట్టలేదు. వారమంతా లైబ్రరీలో కూర్చుని రాజుల పేర్లు బట్టీ పట్టాను.

శుక్రవారం లంచ్‌రూమ్ నిండిపోయింది. లైట్లు ఆపారు. "ఇది గోల్కొండ. ఎన్నో వందల ఏళ్ల చరిత్ర ఉన్న కోట" అంటూ గంభీరంగా గోడవైపు తిరిగాను. గోడ మీద మా పిన్ని. నడుం దగ్గర్నుంచి తలదాకా, ఆకుపచ్చ పట్టుచీరలో, చప్పట్లు కొడుతూ నవ్వుతోంది. ఆవిడ చెవి పక్కన కాస్త రాయి కనిపిస్తోంది. మేనేజరు చాలా మర్యాదగా "కోట ఏదీ?" అన్నాడు. "ఆవిడ వెనకాల ఉంది" అన్నాను. తర్వాతి స్లైడు బొర్రా గుహలు. చిమ్మచీకట్లో పిన్ని ముఖం, మెరుస్తున్న ముక్కుపుడక. ఆ తర్వాత గోదావరి మీద పడవ. పిన్ని గొడుగు ఒక పాపికొండనీ, పిన్ని రెండో పాపికొండనీ కప్పేశారు. వెనక వరసలో నవ్వులు మొదలయ్యాయి.

"ఏంటి బాబాయ్ ఇది, ఒక్కదాంట్లోనూ ఏమీ కనపడదే?" అన్నాను, ప్రొజెక్టర్ దగ్గరున్న బాబాయితో గొంతు తగ్గించి.

"ముఖం క్లియర్‌గా రావద్దురా? మనిషి లేకుండా ఉత్త కొండని తీస్తే ఎవరు వెళ్లారో ఎలా తెలుస్తుంది? దానికైతే పోస్ట్‌కార్డు కొనుక్కుంటే సరిపోయేది" అన్నాడు. (ఆయన్ని అని లాభం లేదు. మన వాళ్ల ఆల్బమ్ ఏది తిరగేసినా చార్మినార్‌కి ముందు ఒక మేనత్త నిలబడే ఉంటుంది.)

వెనక బల్ల దగ్గర పేపరు ప్లేట్లలో పులిహోర సర్దుతున్న పిన్ని, గోడ మీద తనని తాను చూసుకుని, గరిటె అక్కడ పెట్టేసి ముందుకొచ్చింది. ఈవిడ కూడా తిడితే నా పని అయిపోయినట్టే అనుకున్నాను. ఆవిడ నన్ను పక్కకి జరగమని చెప్పి, సగం ఇంగ్లీషూ సగం తెలుగులో మొదలుపెట్టింది. "గోల్కొండలో కింద గుమ్మం దగ్గర చప్పట్లు కొడితే పైన కొండ మీదకి వినిపిస్తుంది. ఈ ఫోటో తీసి ఈయన పైకెళ్లాక మళ్లీ కొట్టా, వినిపించింది. మంచినీళ్లు తెమ్మని అరిచా, అది మాత్రం వినిపించలేదట." లంచ్‌రూమ్ ఘొల్లుమంది. బొర్రాలో చుక్క చుక్కగా నీళ్లు కారి రాళ్లు ఎలా పెరుగుతాయో చెప్పి, "ఒక చుక్క నా నెత్తిన పడింది. రాయి పెరగలేదు కానీ జలుబు చేసింది" అంది.

లేపాక్షి స్లైడులో వేలాడే స్తంభం కింద సందు కనపడాలి. సరిగ్గా ఆ సందుకి అడ్డంగా పిన్ని చతికిలబడి ఉంది. "ఈ స్తంభం నేలకి ఆనదు. నేను నమ్మలేదు. చెంగు పెట్టి లాగా, వచ్చేసింది" అంది. ఎవరికీ అర్థం కాలేదు. అప్పుడావిడ మా మేనేజరు చేత లంచ్‌రూమ్ బల్ల కాలు కొంచెం ఎత్తించి, కింద నుంచి తన చెంగు ఇటు దూర్చి అటు లాగింది. అంతా కుర్చీల్లోంచి లేచి చూశారు. మంచుకొండలకి ఎవరూ లేవలేదు. నేను బట్టీ పట్టిన రాజుల్లో ఒక్కరికీ ఆ సాయంత్రం నా పెదవి దాటే అవకాశం రాలేదు.

పులిహోర తింటూ పక్క సీటతను, "అక్కడ ఏముందో ఇప్పటికీ నేను చూడలేదు. కానీ వెళ్లాలనుంది" అన్నాడు. ఇంటికి వెళ్లాక నాకూ అలాగే అనిపించింది. నేనూ చూడలేదు మరి.

అనిపించినా, నిజంగా వెళ్లేసరికి జుట్టు నెరిసింది. ఈ మధ్యే మా ఆవిడతో లేపాక్షి వెళ్లాను. స్తంభం మొత్తం కనిపించింది, కింద సందుతో సహా, అడ్డం ఎవరూ లేకుండా. ఎంతో అందంగా ఉంది. అయినా ఏదో వెలితి. పిన్ని పోయి అప్పటికి చాలా కాలమైంది. మా ఆవిడ సెల్‌ఫోన్ తీసి స్తంభాన్ని ఫోటో తీయబోతుంటే, ఫోన్ నేను తీసుకుని, "నువ్వెళ్లి అక్కడ కూర్చో" అన్నాను.

"నేను కూర్చుంటే స్తంభం కనపడదు కదండీ."

"ఫరవాలేదు. ఇంకాస్త ముందుకి జరుగు" అన్నాను.