దయ్యమని పేరుపడిన మా మేనత్త

మీ ఇంటి ఆడమనిషిని దయ్యమని ఎవరో మైకులో వర్ణిస్తుంటే, చుట్టూ ఉన్నవాళ్ళు కేరింతలు కొడుతుంటే, ఆ గుంపు మధ్య మీరెప్పుడైనా నిలబడ్డారా? నేను నిలబడ్డాను. మొన్న ఆగస్టులో, ఒక సెలవు రోజున, పట్టపగలు, నెత్తిన టోపీ పెట్టుకుని, మంచినీళ్ళ సీసా చేత పట్టుకుని నిలబడ్డాను.

మలయా కొసన ఉన్న ఈ దీవిలోని మా తెలుగువాళ్ళు కొందరు కలిసి బస్సు మాట్లాడుకుని, అధ్యక్షులు నివసించిన భవనాలూ పాత దొరల బంగళాలూ చూసి రావడానికి ఒక గైడును కుదుర్చుకున్నారు. ఏర్పాట్లన్నీ చూసింది పాసిర్ రిస్ పేటలో ఉండే ఒక అమ్మాయి. హైదరాబాదు నుంచి వచ్చి ఇక్కడ బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేస్తోంది, చురుకైన మనిషి, మర్యాద తెలిసిన మనిషి. ఇక్కడే పుట్టి పెరిగినవాళ్ళు మీరు, మీరు రాకపోతే ఎలా అంటూ యూ టీ పేటలోని మా ఫ్లాటుకు ఫోను చేసి మరీ పిలిచింది. సెలవులకు నా దగ్గరే ఉన్న మనవరాలిని వెంటబెట్టుకుని నేనూ బస్సెక్కాను.

ముందు అధ్యక్షభవనం చూశాం. ఏడాదికి కొన్ని సెలవు రోజుల్లో ఆ గేట్లు జనానికి తెరుస్తారు. పచ్చికలో బ్యాండు వాయిస్తున్నారు, పిల్లలు ఐస్‌క్రీములు తింటున్నారు. గైడు కుర్రవాడు మంచి మాటకారి. ఏ గవర్నరు ఏ గదిలో విందు చేశాడో, ఏ రాణి ఏ మెట్ల మీద నడిచిందో కళ్ళకు కట్టినట్టు చెప్పాడు. ఆ భవనాన్ని మన తాతల దేశం నుంచి తెచ్చిన ఖైదీలు కట్టారన్న సంగతి మాత్రం ఒక్క వాక్యంలో ముగించి, భోజనాల బల్ల పొడవు చెప్పడానికి వెళ్ళిపోయాడు. చరిత్రను ఇలాగే చెబుతారని నాకు తెలుసు కాబట్టి ఊరుకున్నాను.

తరవాత బస్సు ఒక గుట్ట ఎక్కింది. పైన నలుపు తెలుపు చారల బంగళా ఒకటి ఉంది. తరవాతెప్పుడో అధ్యక్షుడైన ఒకాయన ఉద్యోగంలో ఉన్న రోజుల్లో అందులో కొన్నాళ్ళు కాపురమున్నాడట. గైడుకు ఆ ఇల్లు చూపించడానికి అదే కారణం. నేను మాత్రం మలుపు తిరిగేసరికే ఆ చోటు గుర్తుపట్టాను. ఆ గుట్ట కింద, ఇప్పుడు కార్లు నిలుపుతున్న చోట, మా కూలిలైను, అంటే కూలివాళ్ళ ఇళ్ళ వరస, ఉండేది. నేను పుట్టింది అక్కడే.

ఇంటి వెనక బట్టలుతికే అరుగు దగ్గర గైడు అందరినీ దగ్గరగా నిలబెట్టి, గొంతు తగ్గించాడు. ఇక్కడ ఒక పొంటియానాక్ తిరుగుతుందట. మలయా వాళ్ళు తెల్లబట్టల ఆడదయ్యాన్ని అలా అంటారు. పొద్దు వాలాక వెదురుపొదల పక్కనుంచి తల వంచుకుని వస్తుందట, ఎవరైనా ఎదురైతే గోడకు ఆనుకుని మాయమవుతుందట, దగ్గరికొస్తే పూలవాసన వేస్తుందట, ఒకసారి డ్రైవరు చూస్తుండగా గట్టిగా కేక పెట్టిందట. పిల్లలు కెవ్వుమన్నారు. పెద్దవాళ్ళు ఫోన్లు తీసి ఆ పొదల్ని ఫొటోలు తీశారు. మా మనవరాలు నా చెయ్యి పట్టుకుని, "సో స్కేరీ లా, అమ్మమ్మా!" అంటూ నా వెనక దాక్కుంది.

ఆ తెల్లబట్టల మనిషి మా నాన్న అక్క. నా మేనత్త.

దయ్యాలు లేవని చెప్పడానికి నేను పుస్తకాలు తిరగేయనక్కరలేదు. ఒక మనిషిని దయ్యంగా ఎలా తయారు చేస్తారో నా కళ్ళతో చూశాను. మా తాతల కాలంలో విశాఖ వైపు నుంచి ఓడలెక్కి వచ్చిన కుటుంబాలు ఆ లైనులో ఉండేవి. సముద్రం దాటితే కులం పోతుందని ఊళ్ళో భయపెట్టినా లెక్కచెయ్యక వచ్చినవాళ్ళు, శకునాల మూటను మాత్రం జాగ్రత్తగా నెత్తిన పెట్టుకుని దిగారు. అత్తకు చిన్న వయసులోనే మొగుడు పోయాడు. పొద్దున్నే మగవాళ్ళు పనికి బయల్దేరేటప్పుడు ఆమె ఎదురైతే, వాళ్ళు వెనక్కి తిరిగి ఇంట్లోకెళ్ళి, కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరేవారు. దానివల్ల పనికి ఆలస్యమవుతోందని లైను పెద్దలు ఒక ఏర్పాటు చేశారు. ఆమె బంగళాలో బట్టలు ఉతికి ఇస్త్రీ చేసేది. లైను లేవకముందే వెళ్ళిపోవాలి, చీకటి పడ్డాక రావాలి, ముందు రోడ్డున కాకుండా మురుగుకాలవ పక్కన వెదురుపొదల వెంబడి నడవాలి, ఎవరైనా ఎదురుపడితే పక్కకు తొలగాలి. గైడు చెప్పిన దయ్యం లక్షణాలన్నీ ఇవే. ఒక్క పూలవాసన తప్ప. అత్త దగ్గర గంజివాసన, సబ్బువాసన వేసేవి. పూలు పెట్టుకోనిచ్చింది ఎవరు?

బంగళా వంటవాడు ముందు భయపడ్డాడు. ఆ పైన డ్రైవరుకు, డ్రైవరు నుంచి చుట్టుపక్కల బంగళాలకు ఆ భయం పాకింది. ఆమె ఎవరో మా లైనులో అందరికీ తెలుసు. అయినా ఒక్కరూ వెళ్ళి, ఆవిడ మా మనిషి అని చెప్పలేదు. చెబితే ఆ దారిన ఎందుకు నడుస్తోందో కూడా చెప్పాలి కదా! తెల్లదొర ముందు అంత సిగ్గు మాత్రం ఉండేది మనవాళ్ళకు.

అత్తకు ఈ పుకారు తెలుసు. సాయంత్రాలు నేను కాలవ దాకా ఎదురు వెళ్తే, కొంగు ముఖం మీదికి లాక్కుని, "దెయ్యాన్నొచ్చేనే, నీకు బయ్యం నేదేటే?" అని గుడ్లురిమేది. నేను నవ్వితే, "నీకొక్కద్దానికే బుర్రుంది ఈ లైన్లో," అని బంగళా వంటింట్లో ఇచ్చిన బిస్కెట్టు ముక్క నా చేతిలో పెట్టేది.

మా నాన్న సంగతి ఇక్కడ చెప్పాలి. రేవులో గుమాస్తాగిరీ చేస్తూ, సాయంత్రాలు సంస్కరణ సంఘంలో ఉపన్యాసాలిచ్చేవాడు. తెలుగువాళ్ళూ తమిళులూ కలిసి నడిపే ఆ సంఘంలో వారం వారం వాదోపవాదాలు జరిగేవి. నాకు వాదించడం అక్కడే అబ్బింది. ఎదుటివాడి మాటను అతని నోటితోనే ఎలా కూలగొట్టాలో నాన్నను చూసి నేర్చుకున్నాను. ఒకసారి వితంతు వివాహం మీద వాదన పెట్టారు. నాన్న లేచి మాట్లాడితే హాలంతా ఊగిపోయింది. శాస్త్రాలు వల్లించిన పెద్దమనిషి కండువా సర్దుకుని కూర్చుండిపోయాడు. దండ వేసి నాన్నను రోడ్డు దాకా ఊరేగించారు. ఆ రోజు అత్త హాలు కిటికీ బయట, చీకట్లో, గోడ వారగా నిలబడి తమ్ముడి మాటలన్నీ వింది.

ఇంటికొచ్చాక నాన్నకు అన్నం వడ్డిస్తూ, ఎంతో మామూలుగా, రేపటి కూర సంగతి అడిగినట్టు అడిగింది. "ఒరే తమ్ముడూ, అయితే రేప్పొద్దున్న నాను ముందు రోడ్డంట ఎల్లనా?"

నాన్న ముద్ద కలపడం ఆపాడు. వాదనలో ఎన్నడూ తడుముకోని మనిషి అప్పుడు తడుముకున్నాడు. చివరికి, "నలుగురితో పని అప్పా, కొన్నాళ్ళు ఆగు," అన్నాడు. అత్త సరేనంది. మజ్జిగ పోసింది.

ఆగిన ఆ కొన్నాళ్ళలోనే బంగళాకు కొత్త డ్రైవరొచ్చాడు. పుకార్లు విని వణికిపోయి ఉన్నవాడు. ఒక సాయంత్రం పొదల దగ్గర తెల్లగా కదిలేసరికి, చేతికందిన ఇటుకముక్క విసిరాడు. అది అత్త కంటికి తగిలింది. గైడు చెప్పిన కేక అదే. ఎడమ కన్ను పోయింది.

మర్నాడు మా లైను పెద్దలు కూర్చున్నారు. ఇప్పటికైనా ఆమెను మనుషుల దారిలో నడవనిస్తారనుకున్నాను. వాళ్ళు తేల్చింది వేరు. ఆమె ఇంకా చీకటితోనే వెళ్ళి, ఇంకా ఆలస్యంగా రావాలన్నారు. ఆ సభలో నాన్న ఉన్నాడు. ఊరేగింపులో వేసిన దండ మా గోడకు ఇంకా వేలాడుతోంది. నాన్న నోరు తెరవలేదు. గుమ్మంలో కూర్చున్న నేను ఆయన ముఖమే చూస్తూ ఉన్నాను, ఇప్పుడు లేస్తాడు, ఇప్పుడు లేస్తాడు అనుకుంటూ. అందరూ తాంబూలాలు నమిలి వెళ్ళిపోయారు. నాన్నను నేను ప్రేమించాను, ఆయన నేర్పిన వాదనతోనే ఈ వయసు దాకా పోట్లాడుతున్నాను, కాని ఆ రోజు మౌనాన్ని ఆయనకు ఎన్నడూ మాఫీ చెయ్యలేదు.

తరవాత లైను కూలగొట్టారు, మాకు బుకిట్ పంజాంగ్‌లో ఫ్లాటు వచ్చింది. కొత్త ఇల్లు, కుళాయి నీళ్ళు, చుట్టూ చీనావాళ్ళు, మలయావాళ్ళు, మన శకునాల సంగతి తెలియనివాళ్ళు. ఇక్కడైనా అత్త నిటారుగా నడుస్తుందనుకున్నాం. పొద్దున్న లిఫ్టులో ఎవరైనా పనికి వెళ్తున్నట్టు కనిపిస్తే ఆమె ఎక్కేది కాదు. పక్కింటి చీనా ముసలాయన పాపం, ఈవిడకు నడక చేతకాదేమోనని, తలుపు మూసుకోకుండా చెయ్యి అడ్డం పెట్టి, రా రమ్మని పిలిచేవాడు. అత్త గోడకు అతుక్కుపోయి తల అడ్డంగా ఊపేది. కాలవ దారి కాళ్ళ కింద లేకపోయినా ఆమె బుర్రలోనే వేసిపెట్టారు మనవాళ్ళు.

ఇదంతా ఆ బంగళా వెనక నిలబడి నేను గైడుకు ఇంగ్లీషులో చెప్పాను. అతడు ఓపిగ్గానే విన్నాడు. విని, ఆవిడ ఇక్కడే చనిపోయారా అని అడిగాడు. లేదు నాయనా, డెబ్బై దాటాక, ఫ్లాటులో, మంచం మీద, షుగరు జబ్బుతో పోయిందన్నాను. అతని ముఖంలో నిరాశ దాగలేదు. దయ్యానికి పనికొచ్చే చావు కాదది. ఇంతలో ఏర్పాట్లు చూసే అమ్మాయి నా భుజం మీద చెయ్యి వేసి, "ఆంటీ, ప్లీజ్, పిల్లలు ఎంజాయ్ చేస్తున్నారు కదా, లైట్ తీసుకోండి," అంది. అందరం బస్సెక్కాం. మా మనవరాలు మాత్రం కిటికీలోంచి ఆ పొదల్నే చూస్తూ, "ఆమె మన మనిషా? రియల్లీ?" అని అడిగింది. అవునన్నాను. తరవాత అది ఫోను ముట్టుకోలేదు.

బస్సు కదిలాక ఏర్పాట్లు చూసే అమ్మాయి లేచింది. నిన్న ఇంట్లో వరలక్ష్మీ వ్రతం చేసుకున్నానని, ఆడవాళ్ళందరికీ తాంబూలం ఇస్తున్నానని చెప్పి, కుంకుమ, పూలు, అరటిపండ్లు, చిన్న ప్లాస్టిక్ సంచుల్లో నానిన శనగలు పెట్టిన పళ్ళెంతో వరసకు వరస వచ్చింది. ఒకావిడకు బొట్టు పెట్టి, ఇంకొకావిడకు పువ్వు ఇచ్చి, మా సీటు దగ్గరకు వచ్చి ఆగింది. నా మెడవైపు చూసింది. మావారు పోయి చాలా ఏళ్ళయింది. "సారీ ఆంటీ," అని మెల్లగా, ఎంతో మర్యాదగా అని, పళ్ళేన్ని నా తల మీదుగా ఎత్తి వెనక సీటుకు చాపింది.

మనవరాలు నా వైపు తిరిగి, "నిన్నెందుకు స్కిప్ చేసింది అమ్మమ్మా?" అంది, బస్సంతా వినబడేలా.

ఆ కుంకుమ మీద నాకు మోజు లేదు, ఆ వ్రతం మీద నమ్మకమూ లేదు. కాని నేను చెయ్యి చాపి పళ్ళెం అంచు పట్టుకున్నాను. ఆ అమ్మాయి లాగింది, నేను వదల్లేదు. అందరి ముందూ నాకిస్తే ఇవ్వు, లేదంటే ఎందుకివ్వవో ఈ పిల్లకు నువ్వే చెప్పు అన్నాను.  చదువుకున్న పిల్ల, లెక్కలు రాని పిల్ల కాదు, కాని కారణం నోట్లోంచి రాలేదు. చివరికి అరటిపండు ఒకటి నా ఒళ్ళో పెట్టి, కళ్ళు దించుకుని ముందుకెళ్ళిపోయింది. మిగతావాళ్ళు కిటికీల వైపు ముఖాలు తిప్పుకున్నారు. అలా ముఖం తిప్పుకోవడం నాకు బాగా తెలిసినదే.

నా తరం వాళ్ళారా, మనం ఏం మార్చాం? అప్పుడు మొరటుగా తొలగమనేవారు, ఇప్పుడు సారీ చెప్పి తొలగిస్తున్నారు. అప్పుడు చదువు లేనివాళ్ళు చేసేవారు, ఇప్పుడు పట్టాలున్నవాళ్ళు చేస్తున్నారు. నాజూకు పెరిగింది, అంతే. మన పిల్లల్ని మనమే ఇలా పెంచాం, ఇంట్లో కూర్చుని మంచి మాటలు చెప్పి, పేరంటం రోజున తలుపు చాటున నిలబడి.

వచ్చే శ్రావణంలోనో, ఈలోపు వచ్చే పెళ్ళిలోనో మీ ఇంట్లో మొదటి బొట్టు, మొదటి పిలుపు మొగుడు పోయిన మనిషికి వెళ్ళాలి. అక్కో, వదినో, పక్క ఫ్లాటులో ఆవిడో, ఎవరో ఇప్పటికే మీ మనసులో మెదిలి ఉంటారు. ఈ పేజీ పక్కన పెట్టండి. ఫోను తియ్యండి. ముందు ఆమెను పిలవండి.