చేపలకు ఏకాదశి

ఆ రోజుల్లో మా ఇంట్లోకి ఏ వస్తువు రావాలన్నా ముందు బాపమ్మ, అంటే మా నాయనమ్మ, సరేనని తలూపాలి. టీవీ బొట్టు పెట్టించుకున్నాకే గడప దాటింది. ఫ్రిజ్ అయితే తలుపు లోపల కోడిగుడ్ల గుంటలున్నాయన్న నేరానికి వరండాలోనే చాలా రోజులు నిలబడింది. (ఆ గుంటల్లో ఎప్పటికీ నిమ్మకాయలే పెడతానని అమ్మ మాటిచ్చాక లోపలికి వచ్చింది.) సిద్దిపేటలో స్టీలు సామాన్ల దుకాణం నడుపుకుంటూ, ఉల్లిపాయ కోసిన కత్తిని కూడా వేరుగా పెట్టుకునే మా ఇంట్లోకి బతికున్న చేపలు వచ్చాయంటే మా బంధువులు ఇప్పటికీ నమ్మరు. నిజం చెప్పాలంటే ఒక్కోసారి నాకే నమ్మబుద్ధి కాదు.

కారణం బాపుకు, అంటే మా నాన్నకు, ఉన్న బీపీ. రోజూ కాసేపు చేపలు ఈదుతుంటే చూడమని, మనసు నెమ్మదిస్తుందని డాక్టరు గారు చెప్పారట. ఆ మాట చెవిన పడగానే హైదరాబాదులో ఉండే మా మామ, అమ్మకు తమ్ముడు, ఆర్టీసీ బస్సులో గాజు తొట్టిని పసిపిల్లాడిలా ఒళ్ళో పెట్టుకుని దిగాడు. చేతిలో నీళ్ళ సంచి, అందులో అందానికి ఒక బంగారు చేప, దాని చుట్టూ వేలెడంత లేని గోధుమరంగు చేపలు కొన్ని. బాపమ్మ జపం మధ్యలో ఆగిపోయింది. ఆవిడ జపం ఆగడం నేను అప్పటిదాకా చూడలేదు.

“చేపలా? మనింట్లనా?”

“అత్తమ్మా, ఇవి అసుమంటివి కావు. పాచి తింటయి. అచ్చం శాకాహారం. మనకన్న నిష్ఠ ఎక్కువ వీటికి” అన్నాడు మామ, తొణకకుండా.

“నీసు ముట్టయా?”

“ముట్టయి.”

“ఒట్టు?”

“ఒట్టు.”

“ముట్టిననాడు మాత్రం బిందెలేసి సీదా కోమటిచెరువుల పోపిస్త. మళ్ల నన్ను అనొద్దు” అంది బాపమ్మ. అప్పుడు నేను ఎనిమిదో తరగతి. ఆ చిన్న చేపలు అద్దానికి మూతులు ఆనించి వేలాడుతుంటే చూసి అప్పటికే మనసు పారేసుకున్నాను. చెరువు మాట వినగానే తొట్టికి అడ్డంగా నిలబడ్డాను. బాపమ్మ కూడా ఒక సాయంత్రమంతా వాటిని చూసి, అవి అద్దానికి మొక్కుతున్నాయని తేల్చి, ‘స్వాములు’ అని పేరు పెట్టింది. బంగారు చేపకు మరమరాల పొడి పెట్టాలని, స్వాములకు ఏమీ పెట్టనక్కర్లేదని నిర్ణయమైంది. పాచి తిని బతికేవాటికి మనం పెట్టేదేముంది?

అయితే మా ఇల్లు ఎలాంటిదో మామ మరిచిపోయాడు. మా ఇంట్లో వస్తువనేది తోమడానికే పుట్టింది. అద్దం మీద కాస్త మసక కనిపించిందంటే చాలు, చేపలను స్టీలు బిందెలోకి మార్చి, కొబ్బరిపీచుతో తొట్టిని తళతళలాడించి, మళ్ళీ నీళ్ళు పోసేవాళ్ళం. ఊళ్ళో అంత శుభ్రమైన తొట్టి మరొకటి లేదని నేను బడిలో గొప్పలు చెప్పుకున్నాను. (ఊళ్ళో మరో తొట్టి ఉందో లేదో నాకు తెలియదు.) కానీ స్వాములు రోజురోజుకూ చిక్కిపోయారు. పొట్టలు లోపలికి పోయి వెన్నుపూస తేలింది. బాపు దుకాణం నుంచి వచ్చి తొట్టి ముందు కూర్చుని, “సస్తయేమోనే ఇవి, సస్తయేమో” అని చెమటలు పట్టించుకునేవాడు. ఈసారి బీపీ చూసిన డాక్టరు గారు, అంకె నమ్మలేక పట్టీ విప్పి మళ్ళీ కట్టి చూశారట.

ఇక లాభం లేదని అమ్మ నన్ను వెంటబెట్టుకుని ఎస్టీడీ బూత్‌కు వెళ్ళి మామకు ఫోన్ చేసింది. మామ గొంతు బూత్ బయటికి కూడా వినిపించేది.

“తొట్టిల పాచి ఉన్నదా అక్కా?”

అమ్మకు పౌరుషం వచ్చింది. “పాచా? మా ఇంట్ల పాచెందుకుంటది రా! రోజు పీచు పెట్టి తోముతున్నం!”

 మామ నెమ్మదిగా అన్నాడు, “అక్కా, గది వాటి అన్నం. నువ్వు రోజు వాటి అన్నం గిన్నె కడిగి బోర్లేస్తున్నవ్.”

అమ్మ రిసీవర్ పట్టుకునే చెంపలేసుకుంది. ఆకలిగొన్నవాళ్ళ ముందునుంచి కంచం లాగేసిన పాపం ఆ జన్మలో చేస్తాననుకోలేదు ఆవిడ. ఇక అద్దం ముట్టుకోవద్దని, పాచి పట్టేదాకా తోటకూర ఉప్పు లేకుండా ఉడికించి వేయమని, కీర దోసకాయ ముక్క వేసినా తింటాయని, మిగిలింది సాయంత్రానికి తీసేయకపోతే నీళ్ళు చెడతాయని మామ చెప్పాడు. ఇంటికి వచ్చి చెబితే బాపమ్మ తల పట్టుకుంది. పాచి పట్టేదాకా ఆగడమెందుకు, పెరుగుకు తోడు తెచ్చుకున్నట్టు తెచ్చుకుంటే సరిపోదా అని ఆవిడ ఆలోచన. వెంటనే అమ్మ చేతికి గిన్నె ఇచ్చి పక్కింటికి పంపింది.

“వదినా, మీ హౌజుల ఇంత పాచి ఉంటే ఇస్తవా? తోడుకు” అంది అమ్మ, పాపం ఎంతో మర్యాదగా.

పక్కింటి అత్తమ్మ ముఖం ఎర్రబడింది. “మా హౌజుల పాచి ఉన్నదని నీకెవరు చెప్పిన్రు? మేము తోముకుంటలేమా? పదిమందిల మా ఇజ్జత్ తీయనీకొచ్చినవా?”

ఆ మధ్యాహ్నమే వాళ్ళు నీళ్ళ హౌజు ఖాళీ చేయించి, తోమించి, సున్నం కూడా కొట్టించారు. కొన్నాళ్ళపాటు మాకూ వాళ్ళకూ మాటల్లేవు. పాచి మాత్రం ఎవరి పిలుపూ లేకుండా మా తొట్టిలోకి తనంతట తానే వచ్చింది. జీవితంలో మొదటిసారి మా ఇంట్లో ఒక వస్తువు మురికిపడుతుంటే అందరం సంతోషంగా చూస్తూ కూర్చున్నాం. బాపమ్మ మడిబట్టతోనే తోటకూర ఉడికించి, చల్లార్చి, “తినుండ్రి బిడ్డా, తినుండ్రి” అని తానే వేసేది. స్వాముల పొట్టలు గుండ్రమయ్యాయి. బాపు బీపీ కూడా దిగింది.

అంతా బాగుందనుకుంటుండగా ఏకాదశి వచ్చింది. ఆ రోజు మా ఇంట్లో పొయ్యి వెలగదు. పిల్లలమైనా సరే పాలు, అరటిపండుతో మర్నాటి దాకా గడపాలి. నేను తోటకూర గిన్నె తీయబోతే బాపమ్మ చేయి పట్టుకుంది. “మనింట్ల ఉన్నంక మన పద్ధతే. గంత నిష్ఠ గల్ల జీవాలు, ఒక్కపూట ఉండయా?” తొట్టి మీద గుడ్డ కూడా కప్పించింది, పాచి కనిపించి మనసు చెదరకుండా. (ఈ ఆలోచన వచ్చిన మనిషి నిజంగా ఉందా అని మీరు అడగొచ్చు. ఉంది.) ఆ పూట గుడ్డ పైకెత్తి నేను వాటి వంక, అవి నా వంక చాలాసేపు చూసుకున్నాం.

ద్వాదశి తెల్లవారింది. బాపమ్మ స్నానం చేసి, తన పారణ కంటే ముందు స్వాములకు పెట్టాలని తోటకూర గిన్నెతో వచ్చింది. నేను గుడ్డ లాగాను. బంగారు చేప ఎందుకు పోయిందో తెలియదు, నీళ్ళ అడుగున చచ్చిపడి ఉంది. స్వాములందరూ దాని చుట్టూ చేరి, అద్దానికి మొక్కినంత భక్తిగా దాన్నే తింటున్నారు.

గిన్నె కింద పడింది.  అమ్మ పరుగున వచ్చి చూసి, చూడకూడనిది చూసినట్టు గబగబా గుడ్డ కప్పేసింది. బాపు ఎవరూ చెప్పకముందే బిందె తెచ్చాడు. నాకు ఏడుపు పొంగుకొచ్చింది. కోమటిచెరువు చాలా పెద్దది. వాటికి అక్కడ తోటకూర ఎవరు ఉడికిస్తారు?

బాపమ్మ గుడ్డ తీయించి మళ్ళీ చూసింది. చాలాసేపు చూసింది.

“చెరువుల పోపిస్త అన్న కదరా?”

“అన్నవు అవ్వా” అన్నాడు బాపు.

“బిందె కింద పెట్టు.” ఆవిడ తొట్టి ముందు కూర్చుంది. “నేనంటే నా ఇష్టంతోని ఉపాసం ఉన్న. గవి ఉంటమన్నయా? నోరు లేని జీవాలను ఆకలికి మాడవెట్టిన. దొరికింది తిన్నయి. తప్పు వాటిదెట్లైతది? పాపం నాది.” అని, కన్నీళ్ళు తుడుచుకుంటున్న నా వైపు తిరిగి గతుక్కుమంది. “అయ్యో, ఈ పొల్లను చూడుండ్రి, మొఖమెట్ల గుంజుకపోయిందో! రేపు ఇది ఏం తింటదో ఏమో! ఇగ ఈ ఇంట్ల నేను తప్ప ఎవ్వలు ఏకాదశి ఉండొద్దు. ఏమే, ముందు దీనికి ఉప్మా చేసిపెట్టు పో!”

తర్వాత శుద్ధి కోసం తొట్టిలో ఒక తులసాకు వేసింది. ఒక స్వామి వచ్చి దానికి మూతి ఆనించాడు. “సూసినవా, బుద్ధొచ్చింది” అంది బాపమ్మ, తృప్తిగా. ఆ తర్వాత ప్రతి ఏకాదశికీ ఆవిడ ఒక్కతే పస్తు ఉండేది. మాకు, స్వాములకు వేళకు అన్నీ అందేవి.

ఈమధ్య ఒక పెళ్ళిలో పక్కపక్కన కూర్చుని భోంచేస్తూ మామకు ఇదంతా గుర్తుచేస్తే, ముసలాయన విస్తరి మీదికి వంగి, పొలమారేలా నవ్వాడు. “ఆకలా పాడా బిడ్డా! కడుపు నిండ ఉన్నా తింటయవి. సచ్చిన చేప దొరికితే ఇడువయి. తెచ్చిననాడే నాకు తెలుసు.”

“మరి ఒట్టు పెట్టినవు కదా మామా!”

“లేకుంటే మీ బాపమ్మ రానిస్తుండెనా?”

 చేయని పాపాన్ని నెత్తిన వేసుకుని బాపమ్మ పోయింది. ఆ పాపం పుణ్యమా అని నేను ఇన్నేళ్ళూ ఏకాదశి పూట ఉప్మా తింటూ పెరిగాను. తలచుకుంటే సిగ్గేసింది, ఆవిడ మీద ఎక్కడలేని ప్రేమా ముంచుకొచ్చింది. అందుకే మొన్న ఏకాదశికి, ఎవరూ అడక్కుండానే, పాలు, అరటిపండుతో ఉపవాసం ఉన్నాను. సాయంత్రానికి మా వారు నన్ను ఎగాదిగా చూసి, “ఏంది, మొఖం గట్ల గుంజుకపోయింది?” అన్నారు. ఇక ఆగలేకపోయాను. నవ్వుతూ లేచి వెళ్ళి రవ్వ వేయించుకున్నాను. ఉప్మా చాలా బాగా కుదిరింది.