మే నెలలో ఖాళీగా ఉన్న భూమి

మూడేళ్ల కిందటి ఎండాకాలం. సూర్యాపేట జిల్లాలో మండల సర్వేయర్‌గా నాకది పదకొండో ఏడు. మునగాల దాటాక హైవేను ఆనుకుని ఉన్న పద్నాలుగు ఎకరాల ప్రభుత్వ భూమిని వేలం వేయాలనుకున్నారు. కొలిచి రిపోర్టు ఇమ్మని నన్ను పంపారు.

నా కొలతంటే నాకు గర్వం. డీజీపీఎస్, అంటే ఉపగ్రహాల సాయంతో హద్దులు పట్టే యంత్రం, పట్టుకుని రెండు రోజులు ఎండలో తిరిగాను. పద్ధతి ప్రకారం చుట్టుపక్కల పొలాల రైతుల్ని పిలిచి పంచనామా మీద సంతకాలు తీసుకున్నాను. ఎర్రమట్టి, తుమ్మచెట్లు తప్ప మనిషి జాడ లేదు. ‘ప్రస్తుత వినియోగం’ అన్న గడిలో ‘ఖాళీ’ అని రాసేశాను.

జులైలో వేలం నోటీసు పంచాయతీ గోడకెక్కింది. మర్నాడే మల్లమ్మ ఆఫీసుకు వచ్చింది. అరవై దాటిన మనిషి, గొర్రెల కాపరి. ఖాళీ అని రాసిందెవరని అడిగింది. నేనేనన్నాను.

“ఏ నెలల సూసినవ్ బిడ్డా?”

“మేలో.”

“మేల మా మందలు కోసిన పొలాలల్ల ఉంటయ్. కాలువ ఇడిసినంక రా. గది పోతే గొర్లను అమ్ముకునుడే మాకు.”

నాకు కోపం వచ్చింది. నా పనికి వంక పెడుతుందా అనిపించింది. కానీ ఆమె అడిగిన నెల మాట మనసులోంచి పోలేదు. కోతలయ్యాక ఎరువు కోసం రైతులే మందల్ని పిలిచి పొలాల్లో పెట్టించుకుంటారు. ఈ ప్రాంతంలో పుట్టి పెరిగినదాన్ని, నాకది తెలియనిదా?

అభ్యంతరాల గడువు ఇంకా నాలుగు రోజులుందనగా కాలువకు నీళ్లొచ్చాయి. స్కూటీ వేసుకుని వెళ్లాను. ఎటు చూసినా నాటుకు దమ్ము చేసిన పొలాలే. గొర్రె కాలు పెట్టే జాగా లేదు. ఆ ఎర్రమట్టి దిబ్బ మీద మాత్రం ఊరి మందలన్నీ ఉన్నాయి. నాకు సిగ్గేసింది. నేను సంతకాలు తీసుకున్నది పొలాలున్నవాళ్ల దగ్గర. పొలం లేని కాపరులను నా పంచనామా అడగనే లేదు.

మంద దగ్గరున్న మల్లమ్మతో పాటు దిబ్బంతా తిరిగాను. రోడ్డువైపు రెండు ఎకరాల్లోకి లారీల భయానికి మందను పోనివ్వం అని తనే చెప్పింది. ఆ రెండూ అమ్మవచ్చు, మిగతా పన్నెండు మేతకు ఉంచాలి అని కొత్త రిపోర్టు రాశాను.

తహసీల్దార్ గారు చదివి, “నీ సంతకం నువ్వే కొట్టేసుకుంటవా?” అన్నారు.

“కొలత తప్పలేదు సార్. నేను వెళ్లిన నెల తప్పు.”

ఆయన ఫైలు పైకి పంపారు. జిల్లా ఆఫీసులో రెండుసార్లు నిలబడి ఇదే చెప్పాను. పన్నెండు ఎకరాలు నిలిచాయి.

అప్పటినుంచి ఏ భూమికి వెళ్లినా ముందు యంత్రం తీయను. ఇక్కడికి ఎవరు, ఏ నెలలో వస్తారని అడుగుతాను. సర్కారు భూమి అమ్మాలా ఉంచాలా అన్నది పైవాళ్లు తేల్చేదే. అయితే వాళ్లు చూసేది నేను రాసిన గడినే.

కొత్త హద్దురాళ్లు పాతిన రోజు మల్లమ్మ వచ్చి నిలబడింది. మెచ్చుకుంటుందేమోనని చూశాను.

“రాయి జర గట్టిగ పాతియ్యి బిడ్డా,” అంది. “గొర్లు ఈపు గోక్కుంటయ్.”