తాళం తీసినా ఆగని ఇంజను

లడాఖ్‌లో మా పోస్టుకు చేరింది అక్టోబరులో, మిట్ట మధ్యాహ్నం. ఎండ కళ్ళు పొడుస్తోంది. నీడలో పెట్టిన నీళ్ళ సీసా మాత్రం గడ్డకట్టింది. కాన్వాయ్ హవల్దారు నాకు మొదట చూపించింది పడుకునే బంకరును కాదు, లారీని. "ఇది బతికితేనే మనం బతుకుతాం" అన్నాడు హిందీలో. పెళ్ళిచూపులు అంతటితో అయిపోయాయి.

మాది కోయంబత్తూరు పక్క. నా కో-డ్రైవరుది తిరుమంగళం. ఇద్దరికీ ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. రేడియో ఆపరేటరు గుంటూరువాడు. మా మాటలు వింటే అతనికి నవ్వు ఆగేది కాదు.

"మీది అసలు తెలుగేనా?"

"మా యింట్లో మాట్లాడేది ఇదే అప్పా. నీకి అర్థమాయె కదా, అది పోదుం" అనేవాడు కో-డ్రైవరు. పోదుం అంటే చాలు.

మాది టర్బో బండి. టర్బో అంటే ఇంజనుకు గాలిని బలవంతంగా తాపించే చిన్న చక్రం. పొగ తోపుకే తిరుగుతుంది. దాన్ని కాపాడేది ఆయిలు ఒక్కటే. ఎత్తు ఎక్కి వచ్చిన బండిని వెంటనే ఆపేస్తే ఆయిలు ఆగుతుంది కానీ చక్రం ఆగదు. లోపల మిగిలిన ఆయిలు మాడి బొగ్గవుతుంది. అందుకే రెండు మూడు నిమిషాలు ఊరికే తిరగనిచ్చి ఆపాలి.

మా దారిలో అది కుదరదు. చడావు, అంటే ఎక్కుడు దారి, చివర శత్రువు కంట పడే వంపు ఉంది. దాటమని సైగ వచ్చేదాకా దానికి ముందు బండ చాటున ఆగాలి. ఆగిన క్షణమే ఇంజను బంద్. చప్పుడు వినబడితే గుండు వచ్చి పడుతుంది. ఆ ఆర్డరును నేను తప్పు పట్టను. మేమందరం ప్రాణాలతో ఉన్నామంటే దానివల్లే. టర్బో మాత్రం రోజూ కొంచెం కొంచెం చచ్చింది. డిసెంబరుకు పొగ నీలం తిరిగింది, అంటే ఆయిలు లోపలికి కారి మండుతోంది. కొత్తది అడిగాం. అది వచ్చేలోగా మంచుకు కనుమ మూసుకుపోయింది.

జనవరిలో పై పోస్టు నుంచి రేడియో. ఒక జవానుకు ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. మబ్బు కమ్మింది, హెలికాప్టరు రాదు. కదలగలిగిన బండి మాదొక్కటే. పైకి వెళ్ళి అతన్ని వెనక పడుకోబెట్టాం. పక్కన నర్సింగ్ అసిస్టెంటు, ఆక్సిజన్ సిలిండరు.

"ఆక్సిజన్ సాయంత్రం దాకానే వస్తుంది. ఆలోగా ఆసుపత్రి చేరాలి" అన్నాడు నర్సింగ్ అసిస్టెంటు.

దిగుడు మధ్యలో చిన్న చడావు. దాని మీద ఇంజను ఒక్కసారిగా కూత పెట్టింది. యాక్సిలరేటరు మీద నా కాలు లేదు. క్లచ్ తొక్కి హ్యాండ్‌బ్రేకు లాగాను. కూత ఇంకా పెరిగింది.

"తాళం తియ్యి అన్నా!" అని అరిచాడు కో-డ్రైవరు.

"తీసేసినా తంబీ, ఆగలే! టర్బో సీలు పోయిండాది. బండి తన ఆయిలే తాగతా ఉండాది!"

గేరులో ఉంచి బ్రేకు తొక్కి చంపుదామంటే కింద మంచు, పక్కన లోయ. వదిలేస్తే ఇంజను పగులుతుంది. ఇంజను పోతే వెనకున్న మనిషి పోయినట్టే. రేడియోలో ఆపరేటరు అరుస్తున్నాడు. "ఏమైంది? ఎక్కడున్నారు?" జవాబు చెప్పే తీరిక లేదు.

"గాలి మూయాల తంబీ!"

అప్పటికే వాడు దూకేశాడు. క్యాబిన్ వెనక నిలువుగా ఉన్న గాలి గొట్టం దగ్గర మెట్టెక్కాడు. కోటు విప్పి గొట్టం నోటికి కుక్కాడు. చేతి తొడుగులు జారుతున్నాయని విసిరేశాడు. ఇంజను కోటును లోపలికి లాక్కుంది, దగ్గింది, బండి మొత్తాన్ని కుదిపి ఆగింది.

గాలి పైపుల్లో నిలిచిన ఆయిలు వంచేశాం. టర్బోకు వెళ్ళే ఆయిలు దారిని బోల్టుతో బిగించేశాను. ఇంజనుకు గాలి నేరుగా అందేలా పైపు విప్పాను. ఇంజనులో కొత్త ఆయిలు పోసి స్టార్ట్ చేస్తే బలం లేదు గానీ తిరిగింది. దిగడానికి అది చాలు. వెలుగుండగానే కనుమకు ఇవతలే ఉన్న ఆసుపత్రి చేరాం. జవాను బతికాడు. కో-డ్రైవరుకు మంచు కాటు వేసింది. ఎడమ చేతి రెండు వేళ్ళ కొసలు తీసేశారు.

సర్వీసు ముగించుకుని ఊరికి వచ్చాను. ఇప్పుడు ఒట్టన్‌చత్రం నుంచి కేరళకు కూరగాయలు తోలుతున్నాను. మార్కెట్లో బండి నిలిపి ఇంజను ఆపకుండా కూర్చుంటే పక్క డ్రైవర్లకు నేనంటే వేళాకోళం.

"ఏమి మిలిటరీ, డీజలు చెట్టుకి కాస్తాదా?"

"ఉండప్పా, టర్బో కొంజం చల్లారనీ."

ఇంజను ఇన్నేళ్ళుగా విప్పకుండా ఎలా నడుస్తోందని వాళ్ళే అడుగుతారు. ఆయిలు, ఫిల్టరు వేళకు మార్చడం, ఆపే ముందు ఓర్చుకోవడం. ఇందులో మిలిటరీ రహస్యమేమీ లేదని చెబుతాను. వాళ్ళకు నమ్మకం కుదరదు.

వాళ్ళకు చెప్పనిది ఒకటుంది. ఆ రోజు ఇంజను ఆగాక నేను దిగి చూశాను. కో-డ్రైవరు ఉత్త చొక్కాతో, గొట్టాన్ని కావలించుకుని నిలబడి ఉన్నాడు. జుట్టు మీద మంచు పడుతోంది.

"ఆగింది తంబీ. చెయ్యి తియ్యి."

"ఇంజను మళ్ళా పట్టుకుంటే?"

"పట్టుకోదురా. సచ్చింది అది."

తల ఊపాడు, కానీ చేతులు తీయలేదు. ఒక్కొక్క వేలూ నేనే విడదీశాను.