గుండ్ల మధ్య మా పెద్దనాయన

మా పెద్దనాయన ఒక్కడే ఎక్కడికైనా వెళ్ళగా నేను చూడలేదు. వడమాలపేట దగ్గర పల్లెలో మామిడితోట, కాస్త చెరుకు చూసుకుంటూ బతికాడు. ఇల్లంతా వెంట ఉంటే తప్ప ఆయనకు కాళ్ళు కదిలేవి కావు. ఒకసారి గట్టు మీద నుంచి పడి చెయ్యి విరిగితే, పుత్తూరులో కట్టు కట్టించుకోవడానికి కూడా అందరినీ ఎడ్లబండి ఎక్కించుకుని పోయాడట. కట్టు కట్టే ఆయన ఆ మందను ఎగాదిగా చూసి, "విరిగింది ఎవురికప్పా?" అని అడిగాడు.

"నాకే. వీళ్ళు ఊరికే తోడు" అన్నాడట పెద్దనాయన.

మా నాయనకు రేణిగుంటలో రైల్వే ఉద్యోగం. సెలవులిస్తే నేనూ తమ్ముడూ పెద్దనాయన ఇంట్లోనే. డెబ్బైల చివర, నాకు పదేళ్ళప్పుడు, ఆ ఇంట్లో పిల్లలకు వరసబెట్టి తట్టు పోసింది. పెద్దనాయన బెంగపడిపోయి, తగ్గితే మగపిల్లలందరికీ గుండు గీయిస్తానని మొక్కుకున్నాడు. తగ్గింది. తట్టు రాని మా తమ్ముణ్ణి కూడా మొక్కులో కలిపేశాడు. "వాడొక్కడే జుట్టుతో తిరిగితే మనసు కష్టపెట్టుకోడా?" అన్నాడు.

అందరం కొండకు పోయాం. నాకు మూడు కత్తెరలతో సరిపోయింది. పెద్దనాయనతో సహా మగవాళ్ళందరికీ గుండ్లయ్యాయి. తల నిండా గంధం, నుదుట నామం, ఒంటి మీద నిక్కరు. అలా నిలబడితే కొండ మీద పిల్లలందరూ ఒక్క తల్లి బిడ్డల్లా ఉన్నారు. దర్శనం అయ్యాక, పెద్దమ్మ చంకలో చంటివాడు ఉండడంతో, బస్టాండులో పిల్లలకు చొక్కాలు తొడిగే పని పెద్దనాయన మీద పడింది.

తమ్ముడి చొక్కాకు బొత్తాలు పట్టలేదు. "ఏరా, ఒక్క పూటకే ఇంత లావైనావే!" అంటూ ఊపిరి బిగబట్టించి పెట్టాడు. వాడి నోటి నిండా లడ్డు.

ఘాట్ రోడ్డు మలుపులంటే నాకు వాంతులు. బస్సు ఎక్కకముందే నిమ్మకాయ ముక్కుకు ఆనించుకుని కళ్ళు మూసుకున్నాను. పెద్దనాయన తలకాయలు లెక్కపెట్టాడు. సరిపోయింది. బస్సు కదిలింది.

సగం దారిలో ఒక మలుపు దగ్గర పక్కనున్నవాడు నా మీద పడ్డాడు. కళ్ళు తెరిచాను. చొక్కా మా తమ్ముడిదే. లోపలున్నవాడు కాదు.

"పెద్దనాయనా, వీడు మనోడు కాదు!"

"గుండు కొట్టిస్తే అట్లనే కనపడతారు పాపా. రెండు దినాలు పోతే అలవాటైతాది."

అంతలో ఆ పిల్లవాడి లడ్డు అయిపోయింది. చుట్టూ చూసి, "అమ్మా ఎంగే?" అని తల్లి కోసం అరవంలో కేక పెట్టాడు.

పెద్దనాయన ఆశ్చర్యపోయాడు. "ఏమే, వీడికి అరవం యాడ వచ్చె?"

"గుండు కొట్టించుకుంటే అరవం వస్తాదా అయ్యా? ఎవురి బిడ్డో సూడు!" అని పెద్దమ్మ నెత్తి కొట్టుకుంది.

అప్పుడు పాలిపోయింది ఆయన ముఖం. "అట్లైతే మనోడు యాడుండాడు?"

అలిపిరిలో దిగగానే మళ్ళీ పైకి పోయే బస్సు పట్టుకున్నాం. "నేను పిల్లోళ్ళతో ఈడ్నే కూచ్చుంటా, నువ్వు పొయ్యిరా" అంది పెద్దమ్మ. "ఇంకొకడు తప్పిపోతే నేనేం కావల్ల? అందరం పోదాం" అన్నాడు. నా నిమ్మకాయ పనికి రాకుండా పోయింది. పిల్లవాడు ఏడుపు ఆపడం లేదు. పెద్దనాయనకు వచ్చిన అరవమంతా మామిడికాయల బేరగాళ్ళ దగ్గర నేర్చుకున్నది. "నల్ల పళం, నల్ల పళం" అని, అంటే మంచి పండు, మంచి పండు అని, వాడి వీపు నిమురుతూ దారంతా ఊరడించాడు. ఆయన కళ్ళల్లోనూ నీళ్ళు తిరుగుతూనే ఉన్నాయి.

పైన బస్టాండులో ఒకామె నేల మీద కూలబడి ఏడుస్తోంది. పక్కనే వాళ్ళ మూట మీద కూర్చుని మా తమ్ముడు మురుకులు తింటున్నాడు. పెద్దనాయన భుజం మీద బిడ్డను చూసి, ఆమె భర్త చెయ్యెత్తి మీదికొచ్చాడు.

"కొట్టప్పా, తప్పు నాదే. ముందు బిడ్డను దించుకో" అని పెద్దనాయన వంగాడు.

పిల్లవాడు దిగడే! పట్టుకోవడానికి జుట్టు లేదు కాబట్టి పెద్దనాయన చెవులు రెండూ పట్టుకుని వేలాడాడు. తండ్రి కాళ్ళు పట్టి లాగుతాడు, పెద్దనాయన "అబ్బా, అబ్బా" అంటాడు. చివరికి ఆ తండ్రికే నవ్వొచ్చింది. తల్లి లేచి వచ్చి బిడ్డను లాక్కుని గుండెలకు అదుముకుంది.

పెద్దనాయన తమ్ముడి ముందు కూర్చున్నాడు. "బయపడినావా నాయనా?"

"నువ్వొస్తావు కదా. నువ్వొచ్చేలోపల ఇవి అయిపోవల్లని బిరబిరా తింటా ఉండా."

పెద్దనాయన వాణ్ణి కరుచుకుని బస్టాండు అదిరిపోయేలా ఏడ్చాడు. ఆయన్ను ఓదార్చడం ఆ అరవాయన వంతైంది.

వాళ్ళది తిరుత్తణి అవతల పల్లె. బస్సు ఎటూ మా దారినే పోతుంది. వడమాలపేట రాగానే పెద్దనాయన వాళ్ళ మూట దించేసుకున్నాడు. మూట దిగాక మనుషులు దిగక తప్పలేదు.

కొడుకు తప్పిపోయాడన్న సంగతి బస్సువాళ్ళ నోటంట రేణిగుంటకు చేరింది. మర్నాడు పొద్దున్నే మా నాయన కళ్ళెర్రజేసుకుని వచ్చాడు. పెరట్లో ముక్కూమొహం తెలియని ఆడమనిషి పెద్దమ్మతో కలిసి చట్నీ రుబ్బుతోంది. ఎవరో మగమనిషి వేపపుల్లతో పళ్ళు తోముకుంటున్నాడు.

"వీళ్ళెవురన్నా?"

"మనోళ్ళే."

"ఏ వరస?"

పెద్దనాయన చెంబుతో నీళ్ళందించాడు. "వరస తర్వాత సూస్తాం గానీ, కాళ్ళు కడుక్కో. ఇడ్లీ సల్లారిపోతా ఉండాది."

తిట్టడానికి వచ్చిన మా నాయన ఇడ్లీ తిని వెళ్ళాడు. అరవవాళ్ళను ఇంకా రెండు రోజులు కదలనివ్వలేదు. ఆ తర్వాత ప్రతి మామిళ్ళ కాలంలోనూ వాళ్ళే వచ్చేవారు. అరవాయనకు తెలుగు రాదు, పెద్దనాయనకు అరవం అబ్బలేదు. అయినా ఇద్దరూ తోటలో కూర్చుని గంటలకొద్దీ మాట్లాడుకునేవారు. పెద్దనాయన పెద్దకూతురి పెళ్ళిలో సాంబారు బకెట్టు పట్టుకుని బంతులన్నీ తిరిగింది ఆ అరవాయనే.